మెస్ కార్డులో బిర్యానీ

2025 అక్టోబరులో ఒక రాత్రి పదకొండు గంటలకు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. రేపు మీ కార్డు నుంచి ఫలానా మొత్తం తీసుకోబోతున్నారు, వద్దనుకుంటే ఈ లింకు నొక్కండి అని దాని సారాంశం. కార్డు మీద నెలనెలా దానంతటదే జరిగే చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు ఇలా చెప్పి తీరాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. అప్పటినుంచీ వస్తున్న మెసేజే గనుక నేను చదవకుండానే పక్కకు తోసేసేవాడిని. అయితే అది మైక్రోసాఫ్ట్ వారి వీడియో గేముల చందా, గేమ్ పాస్ ధరలు పెరిగాయన్న వార్త చదివిన వారం కావడంతో, ఆ రాత్రి మాత్రం లేచి కూర్చుని లెక్క చూసుకున్నాను.

ఏడాదిలో నేను ఆ చందా మీద తెరిచిన ఆటలు ఇరవై మూడు. అందులో గంటకు మించి ఆడినవి తొమ్మిది, చివరిదాకా పూర్తి చేసినవి రెండు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆఫీసు పని ఒత్తిడిలో కంట్రోలరు ముట్టుకోనేలేదు గానీ చందా మాత్రం తు.చ. తప్పకుండా కట్టాను. మా అమ్మాయి ఒక చిన్న ఆటను ఎనభై గంటలు ఆడింది. ఈ అంకెలు నా సోమరితనానికి సాక్ష్యమే కావచ్చు, కానీ వీడియో గేముల చందా వ్యాపారం నిలబడి ఉన్నది సరిగ్గా నాలాంటివాళ్ల మీదే. ఆ వ్యాపారాన్ని నడిపేవాళ్లు 2017 నుంచి వేస్తున్న ఎత్తులను, వాటిలో నాకు తప్పనిపించిన ఒకదాన్ని ఇక్కడ కాస్త వివరంగా రాయాలనుకుంటున్నాను.

దీని మూలసూత్రం నేను నేర్చుకున్నది అమీర్‌పేటలో, కోర్సు చేస్తూ హాస్టల్లో ఉన్న రోజుల్లో. మేం తినే మెస్ భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనది. నెల కార్డు తీసుకుంటే రోజుకు రెండు పూటలా అడిగినంత అన్నం, పప్పు, రెండు కూరలు, సాంబారు, పెరుగు. తినని పూట వచ్చే నెలకు జమ కాదు. మా గదిలో ఒక స్నేహితుడు మూడుసార్లు మారు వడ్డించుకునేవాడు. "బాబాయ్, వీడి వల్ల మీకు నష్టం కదా?" అని ఒకసారి అడిగితే ఆయన నవ్వి, "ఎంత తింటాడు బాబూ, ఇంకో గుప్పెడు అన్నం. శని, ఆదివారాలు సగం మంది రారు. పండక్కి వారం రోజులు ఊరెళ్తారు. పొద్దున లేవక మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టేవాళ్లు పది మంది ఉంటారు. వాడి అన్నం వాళ్లు పెడుతున్నారు" అన్నాడు. ఆదివారం చికెన్‌కు మాత్రం కార్డు చెల్లదు, వేరే టోకెన్ కొనుక్కోవాలి. ఆ టోకెన్ మీద వచ్చేదే తనకు మిగిలేదని కూడా ఆయనే చెప్పాడు.

తర్వాత ఎదురుగా ఇంకో మెస్ వచ్చింది. జనం అటు మళ్లుతున్నారని మా పెద్దాయన ఆదివారం చికెన్ బిర్యానీని కార్డులోనే కలిపేశాడు. మొదటి నెల కార్డులు బాగానే పెరిగాయి. అయితే ఆదివారం రానివాళ్లందరూ రావడం మొదలుపెట్టారు, టోకెన్ల రాబడి పోయింది, పొయ్యి మీద ఖర్చు రెట్టింపైంది. మూడో నెల తిరక్కుండానే కార్డు ధర పెరిగింది, బిర్యానీ ఉన్న "స్పెషల్ కార్డు" ఒకటి, లేనిది ఒకటి అని రెండు రంగుల కార్డులు వచ్చాయి. గేమ్ పాస్ కథ ఇంతకంటే పెద్దదే గానీ, దాని నడక దాదాపు ఇదే.

నెలకు ఇంత కట్టి ఎన్ని ఆటలైనా ఆడుకోవచ్చన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1994లో సెగా కంపెనీ అమెరికాలో కేబుల్ టీవీ తీగ మీదుగానే తన జెనెసిస్ కన్సోల్‌కు (టీవీకి తగిలించుకుని ఆడే పెట్టె) ఆటలు పంపే సెగా ఛానెల్ అనే సేవ మొదలుపెట్టి, నాలుగేళ్లు నడిపి మూసేసింది. ఆ తర్వాత చాలాకాలం ఆటల కంపెనీలు అమ్మకాన్నే నమ్ముకున్నాయి. 2010లో సోనీ తెచ్చిన ప్లేస్టేషన్ ప్లస్ కూడా ప్రధానంగా నెలకు కొన్ని ఆటలిచ్చే సభ్యత్వమే, పైగా 2013లో ప్లేస్టేషన్ 4 (పీఎస్4) కన్సోల్ వచ్చాక ఆన్‌లైన్లో నలుగురితో కలిసి ఆడాలంటే తప్పనిసరిగా కట్టాల్సిన సుంకం. 2017 జూన్ 1న మైక్రోసాఫ్ట్ నెలకు 9.99 డాలర్లకు వందకు పైగా ఆటలతో ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్‌ను తెరిచినప్పుడు అది కూడా మొదట పాత ఆటల గంపే. మెస్ భాషలో చెప్పాలంటే పప్పు, కూర, సాంబారు. ఆ దశలో దాని లెక్క గట్టిది, ఎందుకంటే ఆ ఆటలు అమ్ముడవ్వాల్సినంతా అప్పటికే అమ్ముడైపోయాయి గనుక, చందా మీద వచ్చిన ప్రతి డాలరూ అదనమే.

అసలు మలుపు 2018 జనవరిలో వచ్చింది. తమ సొంత స్టూడియోలు చేసే ప్రతి కొత్త ఆటనూ విడుదల రోజే గేమ్ పాస్‌లో పెడతామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ మార్చిలో సీ ఆఫ్ థీవ్స్ అలా వచ్చిన మొదటిది. ఈ నిర్ణయాన్ని అర్థం చేసుకోవాలంటే వాళ్లు అప్పుడున్న స్థితి చూడాలి. వాళ్ల ఎక్స్‌బాక్స్ వన్ దెబ్బతిన్న కన్సోల్. ఆ తరంలో సోనీ తమకు రెట్టింపు కంటే ఎక్కువ కన్సోళ్లు అమ్మిందని తర్వాతి రోజుల్లో బ్రెజిల్ పోటీ నియంత్రణ సంస్థకు ఇచ్చిన పత్రాల్లో మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. పెట్టెల పోటీలో ఓడినవాడికి పోటీ నియమాలనే మార్చాలనిపించడం సహజం. పెట్టె ఎవరిదన్నది కాకుండా నెలకు ఎంతమంది కడుతున్నారన్నది లెక్కలోకి వస్తే, ఆట కొత్తగా మొదలవుతుంది. పైగా సత్య నాదెళ్ల పగ్గాలు చేపట్టాక ఆ కంపెనీ ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను పెట్టెలో అమ్మడం నుంచి చందా మీదకు మళ్లించి లాభపడుతోంది. మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన పెద్దమనిషి నడిపే సంస్థలో, అక్కడ పనిచేసిన మందు ఇక్కడ కూడా పనిచేస్తుందనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

కానీ ఆఫీస్ చందాకూ ఆటల చందాకూ ఒక తేడా ఉంది. వర్డ్, ఎక్సెల్ లేకపోతే నా జీతం ఆగుతుంది. ఆట లేకపోతే నా సాయంత్రం కాస్త చప్పగా ఉంటుంది, అంతే. అందుకని జనాన్ని లోపలికి లాగడానికి డబ్బు చల్లాల్సి వచ్చింది. 2019 జూన్‌లో 14.99 డాలర్ల అల్టిమేట్ చందా తెచ్చినప్పుడు ఒక డాలరు కడితే చాలు, అప్పటికే ముందస్తుగా కట్టి ఉంచుకున్న ఎక్స్‌బాక్స్ లైవ్ గోల్డ్ (ఆన్‌లైన్లో ఆడటానికి కట్టే పాత చందా) నెలలన్నీ అల్టిమేట్‌గా మారిపోయేవి. తెలివైనవాళ్లు మూడేళ్ల గోల్డ్ చవకగా కొని, డాలరు కట్టి, మూడేళ్లు రాజాల్లా ఆడారు. చందాదారుల సంఖ్య 2020 ఏప్రిల్‌లో కోటి, 2021 జనవరిలో కోటీ 80 లక్షలు, 2022 జనవరిలో రెండున్నర కోట్లు అయింది. ఆ మధ్యలో 2021 జనవరిలో ఒకసారి గోల్డ్ ధరను దాదాపు రెట్టింపు చేస్తున్నామని ప్రకటించి, తిట్లు తిని, అదే రోజు వెనక్కి తీసుకున్నారు. పాత గది అద్దె పెంచితే జనం కొత్త గదికి మారతారన్న ఎత్తు అది. బెడిసికొట్టింది.

ఇక ఆటలు తయారుచేసేవాళ్ల సంగతి. పాటల యాప్‌లలో విన్నసార్లను బట్టి వాటా పంచినట్టు ఇక్కడ ఒకే సూత్రం లేదు. అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ చెప్పినదాని ప్రకారం ఒప్పందాలు రకరకాలు. కొన్ని ఆటలకు తయారీ ఖర్చు మొత్తం వాళ్లే పెట్టుకుంటారు, కొన్నింటికి ఒక మొత్తం గుత్తగా ఇస్తారు, కొన్నింటికి ఆడినదాన్ని బట్టి ఇస్తారు. ఆ గుత్త ఎంత ఉండొచ్చో మాత్రం బయటివాళ్లకు అరుదుగానే కనబడింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మైక్రోసాఫ్ట్ మీద వేసిన కేసు పత్రాలు 2023 సెప్టెంబరులో పొరపాటున బయటపడినప్పుడు, వాటిలో 2022 నాటి ఒక అంతర్గత ఈమెయిల్ ఉంది. రాబోయే పెద్ద ఆటల్లో ఏది విడుదల రోజే గేమ్ పాస్‌కు రావాలంటే ఎంత అడగొచ్చో అంచనా వేసిన పట్టిక అది. స్టార్ వార్స్ జెడై సర్వైవర్‌కు 30 కోట్ల డాలర్లు. మోర్టల్ కాంబాట్ 1కు 25 కోట్లు. ఎప్పుడో 2013లో వచ్చిన జీటీఏ 5కు నెలకు కోటీ 20 లక్షల నుంచి కోటిన్నర డాలర్ల దాకా.

అదే పట్టికలో బాల్డర్స్ గేట్ 3కి వేసిన విలువ 50 లక్షల డాలర్లు! దాన్ని ఆ ఈమెయిల్ ఇంచుమించు ఒక రెండో విడత సరుకుగా వర్ణించింది. 2023లో ఆ ఏడాది మేటి ఆటగా పురస్కారాలన్నీ ఊడ్చుకెళ్లింది అదే. దాన్ని చేసిన లారియన్ స్టూడియో ఏ చందాలోనూ పెట్టకుండా, పూర్తి ధరకు అమ్ముకుని బాగుపడింది. చేతిలో అన్ని లెక్కలున్న కంపెనీకి కూడా ఏ ఆట ఎంత పలుకుతుందో ముందుగా తెలియదన్నది ఆ ఒక్క వరుస చూస్తే తెలుస్తుంది. తెలియనప్పుడు గుత్త కట్టడమంటే పూత చూసి మామిడితోట కౌలుకు తీసుకోవడమే.

సోనీ మాత్రం మొదటినుంచీ వేరే దారి పట్టింది. 2022 జూన్‌లో ప్లేస్టేషన్ ప్లస్‌ను ఎసెన్షియల్, ఎక్స్‌ట్రా, ప్రీమియం అని మూడంతస్తులు చేసింది. మన దగ్గర స్ట్రీమింగ్ లేనందున పై అంతస్తు పేరు డీలక్స్. వందల ఆటలిచ్చింది గానీ, తన సొంత పెద్ద ఆటలను మాత్రం విడుదల రోజున అందులో పెట్టలేదు. ముందు 70 డాలర్లకు అమ్ముతుంది, అమ్మకం తగ్గాక, ఏడాదికో రెండేళ్లకో, చందా గంపలో వేస్తుంది. సినిమా పరిశ్రమను చూస్తున్న తెలుగువాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. 2022 ఆగస్టులో మన నిర్మాతలు షూటింగులు ఆపి మరీ కూర్చుని మాట్లాడుకున్న విషయాల్లో ముఖ్యమైనది ఇదే, థియేటర్లో విడుదలైన పెద్ద సినిమా ఎన్ని వారాలకు ఓటీటీలో రావాలన్నది. ఎనిమిది వారాలన్న మాట అప్పుడు వచ్చింది. నాలుగు వారాల్లో ఇంట్లో కనబడుతుందని తెలిస్తే థియేటరుకు ఎవరు వెళ్తారన్న భయం దాని వెనుక ఉంది. సోనీ చేసినది ఆ గడువును కాపాడుకోవడం. మైక్రోసాఫ్ట్ చేసినది అగ్ర హీరో సినిమాను మొదటి రోజు మొదటి ఆటకే ఓటీటీలో వదలడం, అదీ థియేటరు కూడా తనదే అయి ఉండగా.

అలా వదిలితే టికెట్లు తెగవన్నది ఊహ కాదు. గేమ్ పాస్‌లో చేరిన పన్నెండు నెలల్లో ఆటల అమ్మకాలు తగ్గుతున్నట్టు తమ సొంత విశ్లేషణ చూపుతోందని మైక్రోసాఫ్ట్ బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థకు తెలిపింది. 2023 ఫిబ్రవరిలో ఆ సంస్థ ప్రచురించిన నివేదికలో ఆ వాక్యం ఉంది, ఎంత శాతమన్నది మాత్రం చెరిపేసి ఉంది. ప్రచురణకర్తలందరితో మాట్లాడానని, గేమ్ పాస్ ఆటల విలువను నాశనం చేస్తుందని వాళ్లందరూ ఏకగ్రీవంగా అన్నారని సోనీ తరఫున అప్పటి ప్లేస్టేషన్ అధిపతి జిమ్ ర్యాన్ అమెరికా కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలంలో చెప్పాడు. పోటీదారు మాట గనుక అందులో సగం తీసేసి వినాలి. 2014లో ఈఏ అనే ఆటల కంపెనీ నెలకు అయిదు డాలర్ల చందా తెచ్చినప్పుడు అది మా ఆటగాళ్లకు లాభసాటి కాదంటూ తలుపు మూసిన సోనీయే, 2019లో అదే సేవను తన పీఎస్4 మీదకు రానిచ్చింది. నీతి సూత్రాల కంటే లెక్క పుస్తకాలే ఇక్కడ బలమైనవి.

నా దృష్టిలో మైక్రోసాఫ్ట్ చేసిన పెద్ద పొరపాటు విడుదల రోజు హామీ కాదు, తాను నెట్‌ఫ్లిక్స్ లాంటిదాన్నని నమ్మడం. సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది, మర్నాడు ఇంకోటి కావాలి, కాబట్టి గంపలో ఎన్ని ఉంటే అంత ఆకర్షణ. ఒక మోస్తరు ఆట ముప్ఫై గంటలు తీసుకుంటుంది, పెద్దది వంద తీసుకుంటుంది. ఉద్యోగం, సంసారం ఉన్నవాడు ఏడాదికి ఆరేడు పూర్తి చేస్తే గొప్ప. వాడికి నాలుగు వందల ఆటల గంప ఇవ్వడం, ఒకే ఇడ్లీ తినగలిగినవాడి ముందు వందరకాల టిఫిన్ల పట్టిక పెట్టినట్టే. ఇక ఎక్కువ గంటలు ఆడే కుర్రాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఫోర్ట్‌నైట్ లాంటి ఒకే ఉచిత ఆటలో ఉంటారు, వాళ్లకు గంపే అక్కర్లేదు. మొదటివాడికి తీరిక లేదు, రెండోవాడికి అవసరం లేదు. మిగిలింది మధ్యలో ఉన్న ఒక పరిమితమైన గుంపు. 2022 అక్టోబరులో స్పెన్సర్ ఒక వేదిక మీద ఈ మాటే మర్యాదగా చెప్పాడు. కన్సోల్ మీద చందా కట్టాలనుకునేవాళ్లందరినీ ఎప్పుడో ఒకప్పుడు చేరుకున్నట్టే గనుక అక్కడ పెరుగుదల మందగించిందని, గేమ్ పాస్ తమ ఆటలు, సేవల రాబడిలో సుమారు 15 శాతమని, లాభంలోనే ఉందని అన్నాడు. లాభం అన్న మాటకు ప్రాణమంతా ఏ ఖర్చు ఏ పద్దులో రాశారన్నదాంట్లో ఉంటుంది. సొంత ఆట అమ్ముడవ్వక పోయిన డబ్బును నష్టంగా రాస్తారా, రాయరా అన్నది అసలు ప్రశ్న.

పెరుగుదల ఆగినచోట మైక్రోసాఫ్ట్ మరింత ఖరీదైన వంటకాలను కొనడానికి వెళ్లింది. 2021 మార్చిలో 750 కోట్ల డాలర్లకు ఆటల సంస్థ బెథెస్డా మాతృసంస్థ జెనీమ్యాక్స్‌ను కలుపుకుంది. 2022 జనవరిలో 6,870 కోట్ల డాలర్లకు యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొంటున్నానని ప్రకటించి, రెండు దేశాల నియంత్రణ సంస్థలతో పోరాడి, 2023 అక్టోబరు 13న సొంతం చేసుకుంది. అందులో కాండీ క్రష్ చేసే కింగ్ కూడా ఉంది గనుక మొత్తం డబ్బు చందా కోసమే పోశారనడం అన్యాయం. అయినా ఒక పోలిక పెట్టుకోవచ్చు. గేమ్ పాస్ ఏడాది రాబడి తొలిసారి దాదాపు 500 కోట్ల డాలర్లకు చేరిందని నాదెళ్ల 2025 జూలైలో ప్రకటించాడు. ఖర్చులేవీ తీయకుండా, ఆ రాబడి మొత్తాన్ని ధారపోసినా ఆ ఒక్క కొనుగోలు తీరడానికి పదమూడేళ్లు దాటుతుంది.

ఆ కొనుగోలులోని బిర్యానీ కాల్ ఆఫ్ డ్యూటీ. ఏటా వచ్చే ఆ ఆటను 70 డాలర్లకు కొనేవాళ్లు ఎంతమందో ఉన్నారు, వారిలో చాలామంది ఏడాదంతా అదొక్కటే ఆడతారు. మామూలు టోకెన్ వ్యాపారానికి ఇంతకంటే మంచి సరుకు ఉండదు. 2024 అక్టోబరు 25న ఆ వరుసలోని బ్లాక్ ఆప్స్ 6ను విడుదల రోజే గేమ్ పాస్‌లో పెట్టారు. అప్పటికి అల్టిమేట్ ధర 19.99 డాలర్లు. అంటే ఆ ఆట కోసమే చేరినవాడు నాలుగో నెల కడితే గానీ ఆట ఖరీదు పూడదు, రెండు నెలలు ఆడి మానేస్తే 30 డాలర్లు నష్టం. అంతకంటే పెద్ద చిల్లు ఇంకోచోట ఉంది. అప్పటికే చందాలో ఉండి, ఏటా ఆ ఆటను విడిగా కొంటూ వచ్చిన నమ్మకస్తుడు ఆ సంవత్సరం కొనడు. వాడి నుంచి రావలసిన 70 డాలర్లూ పోయినట్టే, కొత్తగా ఒక్క డాలరూ రాదు. ఆ ఏడాది కాల్ ఆఫ్ డ్యూటీ అమ్మకాల్లో మైక్రోసాఫ్ట్ 30 కోట్ల డాలర్లకు పైగా వదులుకుందని 2025 అక్టోబరులో బ్లూమ్‌బర్గ్ రాసింది. ఆ అంకెనే పట్టుకుని లెక్కవేస్తే, దాన్ని పూడ్చడానికి పన్నెండున్నర లక్షల మంది కొత్తవాళ్లు వచ్చి ఏడాది పొడుగునా పూర్తి ధర కట్టాలి. వచ్చి రెండు నెలల్లో వెళ్లిపోయేవాళ్లతో ఆ గుంట పూడదు.

కాబట్టి తర్వాత జరిగినది చూసి నాకు ఆశ్చర్యం కలగలేదు. 2024 సెప్టెంబరులోనే కన్సోల్ మీద, విడుదల రోజు ఆటలు లేని 14.99 డాలర్ల స్టాండర్డ్ అంతస్తు ఒకటి వచ్చింది. 2025 అక్టోబరు 1న మొత్తం నిచ్చెననే మార్చి ఎసెన్షియల్, ప్రీమియం, అల్టిమేట్ అన్నారు, అల్టిమేట్‌ను ఒక్క దెబ్బతో 19.99 నుంచి 29.99 డాలర్లకు పెంచారు. ప్రీమియంలో మైక్రోసాఫ్ట్ ఆటలు విడుదలైన ఏడాదిలోపు వస్తాయన్నారు, కాల్ ఆఫ్ డ్యూటీ తప్ప. ఆ "తప్ప" దగ్గర నేను కాసేపు ఆగాను. ఏడాది గడువు పెట్టడమంటే సోనీ దారిలోకి రావడం. ఒక్క ఆటను పేరు పెట్టి మినహాయించడమంటే బిర్యానీ ఏదో ఒప్పుకోవడం. రెండు రంగుల కార్డులు వచ్చేశాయి.

మన రూపాయల్లో ఈ మార్పు ఇంకా సూటిగా కనిపిస్తుంది. అల్టిమేట్ ఇక్కడ నెలకు 829 రూపాయలు ఉండేది, ఏడాదికి 9,948. పీఎస్5 పెద్ద ఆట ఒకటి 4,999 అనుకుంటే రెండు ఆటల ఖరీదు 9,998. సంవత్సరం చందా దానికి సరిగ్గా యాభై రూపాయలు తక్కువ. ఏడాదికి రెండు కంటే ఎక్కువ కొత్త ఆటలు ఆడేవాడికి అది చక్కటి బేరం. 2025 అక్టోబరులో వచ్చిన కొత్త ధర 1,389, ఏడాదికి 16,668. మూడు ఆటలు కొన్నా ఇంకా పదహారు వందలు మిగులుతాయి, పైగా డిస్క్ కొంటే ఆడాక సగం ధరకైనా ఇంకొకరికి అమ్ముకోవచ్చు. రెండు ఆటలు పూర్తి చేసిన నాలాంటివాడు ఈ లెక్కను రెండోసారి వేయనక్కర్లేదు.

చందా ఆటగాడి జేబునే కాదు, ఆట విలువను కొలిచే త్రాసును కూడా మార్చేస్తుంది. నాకు ఇందులో బాగా బాధ కలిగించినది హై-ఫై రష్ సంగతి. టోక్యోలోని టాంగో గేమ్‌వర్క్స్ చేసిన ఆ ఆటను 2023 జనవరి 25న ప్రకటించిన రోజే గేమ్ పాస్‌లో విడుదల చేశారు. తాళానికి తగ్గట్టు దెబ్బలు వేసే ఆట, సంగీతం మీద కాస్త పట్టున్నవాళ్లెవరైనా పది నిమిషాల్లో ప్రేమలో పడతారు. కొన్ని నెలల్లో 30 లక్షల మంది ఆడారని చెప్పారు. ఆడారు సరే, వాళ్లలో ఎంతమంది ఆ ఆట కోసమే చందా కట్టారు, ఎంతమంది ఉచితంగా కనబడింది గనుక తెరిచారు? అమ్మకమైతే అంకె కళ్ళెదుట ఉంటుంది, 30 డాలర్లు ఇన్ని సార్లు అని. చందాలో ఒక స్టూడియో తన వాటా ఇదని చూపించుకోలేదు. 2024 మే 7న ఆ స్టూడియోను మూసేస్తున్నట్టు ప్రకటించారు. ఆగస్టులో, మన దేశంలో బీజీఎంఐ అనే ఫోన్ ఆటను నడిపే క్రాఫ్టన్ కంపెనీ ముందుకొచ్చి ఆ స్టూడియో పేరునూ, ఆ ఆటనూ కొనుక్కుంది.

మిగతా కంపెనీలు ఇంత పెద్ద జూదం ఆడలేదు. నింటెండో 2018లో ఏడాదికి 19.99 డాలర్లకు ఆన్‌లైన్ సభ్యత్వం పెట్టి, తన పాత కాలపు ఆటలను కానుకగా ఇచ్చి ఊరుకుంది. కొత్త మారియోను చందాలో పెట్టాలన్న ఆలోచన ఆ దరిదాపుల్లో కూడా లేదు. 2019 నవంబరులో గూగుల్ తెచ్చిన స్టేడియా, ఇంటర్నెట్ మీదుగా ఆటలు ఆడించే సేవ, 2023 జనవరి 18న కన్ను మూసింది. ఫోన్ల మీద ఆపిల్ ఆర్కేడ్, గూగుల్ ప్లే పాస్ మన దగ్గర నెలకు 99 రూపాయలకే వచ్చాయి. వాటిలో నాకు నచ్చిన గుణం ఆటల సంఖ్య కాదు, ప్రకటనలు లేకపోవడం. పిల్లల చేతికి ఫోన్ ఇవ్వక తప్పని తల్లిదండ్రులకు ఆ 99 రూపాయలు దేనికి కడుతున్నారో బాగా తెలుసు. 2025 నవంబరులో కన్సోల్ లేకుండానే ఇంటర్నెట్ మీదుగా ఆడించే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ గేమింగ్ కూడా మన దేశానికి వచ్చింది. కన్సోల్ లేని జనం కోట్లలో ఉన్న దేశం గనుక స్పెన్సర్ చెప్పిన ఆ పరిమితిని దాటడానికి ఇదొక దారి. కాకపోతే ఉచిత ఆటలకు అలవాటుపడిన ఫోన్ జనం వేలల్లో చందా కడతారని నేనైతే పందెం కాయను.

ఆ రాత్రికి తిరిగి వస్తాను. మెసేజ్‌లోని లింకు నొక్కి చందా ఆపేసే ముందు, మిగిలిన రోజుల్లో ఏం ఆడొచ్చో చూద్దామని గంప తెరిస్తే, త్వరలో వెళ్లిపోయే ఆటల వరుసలో మా అమ్మాయి ఎనభై గంటలు ఆడిన ఆట కనబడింది. పదిహేనో తారీఖు వరకే ఉంటుందట. చందాదారులకు ఇరవై శాతం దాకా తగ్గింపుతో కొనుక్కునే అవకాశం పక్కనే చూపిస్తున్నారు. ఊరికే రుచి చూపించి, అలవాటు చేసి, తీసేసే ముందు అమ్మడం కూడా ఈ వ్యాపారంలో ఒక పాత చిట్కాయేనని, ఇంత రాసిన నాకు తెలియనిది కాదు. మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర విషయం చెబితే, "అయితే నా ఇల్లు, నా తోట అన్నీ పోతాయా నాన్నా?" అని అడిగింది. కొంటే ఎక్కడివక్కడే ఉంటాయన్నాను. చందా ఆపేశాను, ఆట కొన్నాను.